స్కేల్ మోడల్ రాకెట్ కిట్: డబ్బా తెరిచిన దగ్గర్నుంచి పారాచూట్ విచ్చుకునేదాకా

స్కేల్ మోడల్ అంటే నిజంగా ఎగిరిన ఒక రాకెట్‌ని తీసుకుని అదే కొలతల్లో చిన్నది చేసి కట్టడం. అది అల్మారాలో బొమ్మలా నిలబడడానికి మాత్రమే కాదు, ఎగరాలి కూడా. మామూలు మోడల్ రాకెట్ డిజైన్ చేసేవాళ్ళు ఎగరడం ఒక్కటే చూసుకుంటారు, ఫిన్స్, అంటే తోక దగ్గరి రెక్కలు, ఎంత పెద్దవి కావాలంటే అంత పెట్టుకుంటారు. స్కేల్ మోడల్‌కి ఆ స్వేచ్ఛ లేదు. ఆకారం మన చేతిలో లేదు, ఎప్పుడో ఎవరో వేరే అవసరం కోసం గీసిన ఆకారం అది. అందుకే దీన్ని కట్టేటప్పుడు మొదటి రోజు నుంచీ మనసులో పెట్టుకోవాల్సింది ఒక్కటే, తోక వైపు ఒక్క గ్రాము కూడా ఊరికే పెరగనివ్వకూడదు. ఎందుకో చెప్తాను.

ఉదాహరణకి మెర్క్యురీ రెడ్‌స్టోన్ తీసుకుందాం, 1961 మే 5న అమెరికా వ్యోమగామి అలన్ షెపర్డ్‌ని 187 కిలోమీటర్ల ఎత్తుకి తీసుకెళ్ళిన రాకెట్. పొడవు 25 మీటర్ల పైచిలుకు, వ్యాసం 1.78 మీటర్లు. దీన్ని 1:42 స్కేల్‌లో చేస్తే మనకి సుమారు 60 సెంటీమీటర్ల పొడవు, 42 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న మోడల్ వస్తుంది, చేతిలో పట్టుకోవడానికి చాలా బాగుంటుంది. కానీ అసలు రెడ్‌స్టోన్ తోక ఒకసారి చూడండి, ఫిన్స్ ఎంత చిన్నవో. దానికి అవి చాలు, ఎందుకంటే మంట బయటికొచ్చే దారిలోనే గ్రాఫైట్ రెక్కలు నాలుగు ఉన్నాయి, ఫిన్స్ చివర్లలో చుక్కానిలాంటి చిన్న పలకలున్నాయి, లోపల రాకెట్ ఎటు వాలుతోందో పసిగట్టే గైరోలు క్షణక్షణం దారి చూసి వాటిని తిప్పుతూ ఉంటాయి. మనుషుల్ని చంద్రుడి దగ్గరికి పంపిన సాటర్న్ 5 కూడా అంతే, బయటి నాలుగు ఇంజిన్లని అటూ ఇటూ వంచుతూ దారిలో ఉంచుకునేది. మన మోడల్‌లో ఇవేవీ లేవు. బరువు ముందుండాలి, గాలి వెనక పట్టుకోవాలి, బాణం ఎలా పోతుందో అలా. ఈ రెండూ కుదిరితేనే నిటారుగా వెళ్తుంది.

నేను కట్టిన మొదటి స్కేల్ మోడల్ చూడ్డానికి అంత బాగా వచ్చింది కదా, దాని మీద అసలు అనుమానమే రాలేదు. తోక దగ్గర జిగురు గట్టిగా ఉండాలని రెండు మూడు సార్లు పూశాను, పెయింట్ నునుపుగా రావాలని కోటు మీద కోటు వేశాను, బ్యాలెన్స్ మాత్రం చూడలేదు. రాడ్ (ఎగిరేముందు రాకెట్ నిలబడే నిలువు కడ్డీ) వదిలి పది మీటర్లు వెళ్ళిందో లేదో పక్కకి తిరిగింది, గిరగిరా తిరుగుతూ నేల మీద పడింది, మోటార్ ఇంకా మండుతూనే ఉంది. ఎవరూ దగ్గర లేరు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి వంటింట్లో వాడే చిన్న డిజిటల్ త్రాసు పక్కన లేకుండా కిట్ తెరవలేదు.

ఇదే మీ మొదటి స్కేల్ కిట్ అయితే సాటర్న్ 5 జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు. 1:100 లో కూడా అది 110 సెంటీమీటర్ల పొడవుంటుంది, దాని మీద చుట్టే ముడతల షీట్లు, ఇంజిన్ ఫెయిరింగ్‌లు, పైన టవర్, ఇవన్నీ కలిపి నెలల పని. వాతావరణ పరిశోధనకి వాడిన సౌండింగ్ రాకెట్లు ఉన్నాయి కదా, బ్లాక్ బ్రాంట్ లాంటివి, లేదా నైకీ స్మోక్, అవి మొదటి కిట్‌కి చాలా మంచివి. అసలు రాకెట్లే ఫిన్స్ మీద ఆధారపడి ఎగిరేవి కాబట్టి స్కేల్‌లో కూడా బుద్ధిగా ఎగురుతాయి, పెయింట్ కూడా తేలిక. మోడల్ రాకెట్లు ఇంతకుముందే రెండు మూడు కట్టి ఉంటే రెడ్‌స్టోన్‌కి దిగొచ్చు. మిగతా వ్యాసం దాన్నే దృష్టిలో పెట్టుకుని రాస్తున్నా, పద్ధతి అన్నిటికీ ఒకటే.

సామాన్ల గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు. పదునైన క్రాఫ్ట్ కత్తి, కొత్త బ్లేడ్లు, స్టీల్ స్కేలు, 220, 400 నంబర్ సాండ్ పేపర్, వుడ్ గ్లూ, ప్లాస్టిక్ భాగాలుంటే ప్లాస్టిక్ సిమెంట్, మాస్కింగ్ టేప్, త్రాసు. సూపర్ గ్లూ చిన్న చిన్న వాటికి పర్లేదు గానీ ఫిన్స్ అతకడానికి దాని మీద ఆధారపడొద్దు, పెళుసుగా ఉంటుంది, దిగేటప్పుడు తగిలే దెబ్బకి ఊడిపోతుంది. కాగితం ట్యూబ్‌కి, బాల్సా చెక్కకి వుడ్ గ్లూని మించింది లేదు, అది కాగితం పీచులోకి దిగి పట్టుకుంటుంది, తర్వాత విరిగితే చెక్క విరుగుతుంది గానీ అతుకు విడిపోదు.

డబ్బా తెరవగానే కత్తి తీసుకోకండి. ముందు కాగితంలో ఉన్న సూచనలు మొదట్నుంచి చివరిదాకా చదవండి, భాగాలన్నీ జిగురు లేకుండా ఒకదాంట్లో ఒకటి పెట్టి చూడండి. ప్రతి భాగం బరువు తూచి ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. అసలు రాకెట్ ఫొటోలు కూడా ఇప్పుడే వెతికి పెట్టుకోండి, ఏ రాకెట్ అన్నది మాత్రమే కాదు ఏ ప్రయోగం అన్నది కూడా తేల్చుకోవాలి, ఎందుకంటే ఒకే రకం రాకెట్‌కి ఒక ప్రయోగానికీ ఇంకో ప్రయోగానికీ రంగులూ గుర్తులూ మారిపోతుంటాయి. ఈ పని చివర్లో పెట్టుకుంటే పెయింట్ అయ్యాక తెలుస్తుంది నలుపు గళ్ళు పక్క వైపు రావాల్సిందని.

ఇక మోటార్ మౌంట్, అంటే రాకెట్ లోపల మోటార్ కూర్చునే భాగం. చిన్న ట్యూబ్, దాన్ని పెద్ద ట్యూబ్ మధ్యలో ఉంచే రెండు సెంటరింగ్ రింగులు, మోటార్ జారిపోకుండా పట్టుకునే ఇంజిన్ హుక్, ఇంతే. దీన్ని పెద్ద ట్యూబ్‌లోకి తోసేటప్పుడే చాలామంది దెబ్బతింటారు. వుడ్ గ్లూ కాగితానికీ కాగితానికీ మధ్య సన్నని పొరగా ఉన్నప్పుడు రెండు మూడు సెకన్లలో పట్టేస్తుంది, మౌంట్ సగం దాకా వెళ్ళి ఆగిందంటే ఇక అది అటూ రాదు ఇటూ పోదు. అందుకని మౌంట్ ఎంత లోపలికి వెళ్ళాలో ముందు పెన్సిల్‌తో గీత పెట్టుకోండి, ఒక పుల్ల చివర జిగురు తీసుకుని ట్యూబ్ లోపల ముందు రింగు ఆగే చోట చుట్టూ పూయండి, వెనక రింగు దగ్గర ఇప్పుడే వద్దు, అప్పుడు మౌంట్‌ని ఒకే ఊపులో ఆగకుండా గీత దాకా తోసేయండి. వెనక రింగుకి జిగురు తర్వాత బయట నుంచి పూసుకోవచ్చు. ట్యూబ్‌ని నిలబెట్టి ఆరనివ్వండి, పడుకోబెడితే జిగురంతా ఒక పక్కకి చేరుతుంది.

ఫిన్స్ దగ్గర మాత్రం తొందర పనికిరాదు, రాకెట్ ఎలా ఎగురుతుందన్నది సగం ఇక్కడే తేలిపోతుంది. బాల్సా ఫిన్స్ అయితే చెక్క గీతలు ఫిన్ ముందు అంచుకి సమాంతరంగా ఉండాలి, అడ్డంగా ఉంటే చేత్తో వంచినా విరుగుతాయి. అన్ని ఫిన్స్‌నీ ఒక కట్టగా పట్టుకుని కలిపి సాండ్ చేస్తే అన్నీ ఒకే సైజుకి వస్తాయి. ట్యూబ్ మీద గీతలు గీయడానికి కిట్‌లో వచ్చే కాగితం గైడ్ చుట్టి గుర్తులు పెట్టుకోండి, తర్వాత ట్యూబ్‌ని తలుపు చట్రం మూలలో ఆనించి పట్టుకుని చట్రం అంచు వెంటే పెన్సిల్ లాగితే గీత నిటారుగా వస్తుంది, గుండ్రటి ట్యూబ్ మీద మామూలు స్కేలుతో ఇది రాదు.

అతికించేటప్పుడు జిగురు రెండుసార్లు పూయాలి. ఫిన్ అంచుకి పలుచగా ఒక పూత, ట్యూబ్ మీద గీత వెంట ఇంకొకటి, ఒక్కసారి ఆనించి తీసేయండి, రెండు మూడు నిమిషాలు ఆగండి, వేలు పెడితే అంటుకునేలా అవుతుంది. అప్పుడు ఫిన్‌కి మళ్ళీ సన్నగా పూసి గీత మీద పెట్టి నొక్కండి. అర నిమిషంలో పట్టేస్తుంది, చేత్తో గంటసేపు పట్టుకుని కూర్చోనక్కర్లేదు. పట్టిన వెంటనే రాకెట్‌ని తిప్పి తోక వైపు నుంచి ఒక కన్ను మూసి చూడండి. నాలుగు ఫిన్స్ కూడిక గుర్తులా కనిపించాలి, ఒక్కటి వాలినా కనిపించేస్తుంది, ఆ మొదటి నిమిషంలో సరిచేయొచ్చు, తర్వాత కష్టం. ఇంకా నమ్మకం కావాలంటే గట్టి అట్టలో ట్యూబ్ సైజు రంధ్రం, నాలుగు వైపులా ఫిన్ మందానికి సరిపడే కంతలు కోసి దాన్ని తోకకి తొడిగి ఆరనివ్వండి. ఫిన్ కాస్త వంకరగా ఉంటే రాకెట్ తన చుట్టూ తను తిరుగుతుంది, ఎత్తు తగ్గుతుంది, అన్నీ చెరో వైపు వాలితే దారే తప్పుతుంది.

పూర్తిగా ఆరాక ఫిన్‌కీ ట్యూబ్‌కీ మధ్య మూలలో జిగురు సన్నగా పోసి వేలితో ఒక్కసారి లాగితే ఫిలెట్ వస్తుంది. బలం దాంట్లోనే ఉంది కానీ మందంగా వద్దు. నేను ఎక్కువ బరువు పెంచేసింది ఇక్కడే. ఫిలెట్ ఆరేదాకా ఆ వైపు పైకి ఉండేలా పడుకోబెట్టండి, లేకపోతే జిగురు కారిపోతుంది.

చిన్న ఫిన్స్ ఉన్న కొన్ని కిట్లలో పారదర్శకమైన ప్లాస్టిక్ ఫిన్స్ అదనంగా ఇస్తారు, ఎగరేసేటప్పుడు పెట్టుకుని షెల్ఫ్‌లో పెట్టేటప్పుడు తీసేయడానికి. కొంతమంది అవి పెడితే స్కేల్ పోయిందంటారు, నాకు మాత్రం అది మంచి ఉపాయం అనిపిస్తుంది, ఐదు అడుగుల దూరం నుంచి కనిపించవు, రాకెట్‌ని మాత్రం దారిలో ఉంచుతాయి.

ట్యూబ్ మీద మెలికలు తిరిగిన సన్నని గాడి ఉంటుంది, కాగితం చుట్టిన అతుకు అది. మామూలు మోడల్‌కి వదిలేయొచ్చు, స్కేల్ మోడల్‌లో మాత్రం పెయింట్ వేశాక అదే ముందు కంటికి కొడుతుంది, లోహంతో చేసిన రాకెట్ మీద అలాంటి గీత ఉండదు కదా. వుడ్ ఫిల్లర్‌ని నీళ్ళతో పలుచన చేసి బ్రష్‌తో ఆ గాడి వెంట పూసి, ఆరాక 220తో, తర్వాత 400తో రుద్దేయండి. ఫిన్స్ మీద చెక్క రంధ్రాలకి కూడా ఇదే. పూసిందంతా దాదాపు రుద్ది తీసేయాలి, గాడిలో ఉన్నది మాత్రమే మిగలాలి. రుద్దేటప్పుడు ముక్కుకి మాస్క్ పెట్టుకోండి, ఆ పొడి చాలా సన్నం.

రెడ్‌స్టోన్ మీద క్యాప్సూల్ పైన ఎర్రగా ఒక జాలీ టవర్ ఉంటుంది, ప్రమాదమొస్తే క్యాప్సూల్‌ని లాక్కెళ్ళడానికి పెట్టింది. మొత్తం మోడల్‌లో నాకు ఇష్టమైన భాగం ఇదే, ఎక్కువ విసిగించేదీ ఇదే. మూడు నిలువు కాళ్ళు, వాటి మధ్య అడ్డంగా, ఐమూలగా సన్నని పుల్లలు. ఒకేసారి మూడు కాళ్ళూ నిలబెట్టి అతికించాలని చూస్తే రాదు. ఒక ముఖాన్ని కాగితం మీద అసలు సైజులో గీయండి, దాని మీద పారదర్శక ప్లాస్టిక్ షీట్ పరిచి రెండు కాళ్ళని గీతల మీద టేప్‌తో బిగించి మధ్య పుల్లల్ని ఒక్కొక్కటీ కొలిచి కోసి సూది మొనంత జిగురుతో అతికించండి. ఒక్క ముఖం ఆరాక నిచ్చెనలా ఉంటుంది. దాన్ని లేపి మూడో కాలుని అట్టతో చేసిన త్రికోణం ఆసరాగా నిలబెట్టి మిగతా రెండు ముఖాల పుల్లలు పెట్టుకుంటూ పోవాలి. ఒక సాయంత్రం పూర్తిగా పోతుంది, పోనివ్వండి. దీన్ని క్యాప్సూల్‌కి శాశ్వతంగా అతికించకుండా గట్టిగా దిగేలా మాత్రమే చేసుకుంటే విరిగినప్పుడు మార్చుకోవడం తేలిక. ఎగిరేటప్పుడు మాత్రం ఊడకుండా చిన్న టేప్ ముక్క వేయాలి.

పెయింట్‌కి వద్దాం. ముందు ప్రైమర్, తర్వాత తెలుపు, ఆ తర్వాతే నలుపు. లేత రంగు నుంచి ముదురు రంగుకి వెళ్ళాలి, తిరగేస్తే నలుపు మీద తెలుపు కప్పడానికి నాలుగు కోట్లు పడుతుంది, అంటే మళ్ళీ బరువు. స్ప్రే డబ్బా 25 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుని రాకెట్‌కి బయట మొదలుపెట్టి దాన్ని దాటించి బయటే ఆపండి. మొదటి కోటు తర్వాత ఇంకా కింది రంగు కనిపిస్తూనే ఉండాలి, అలా పలుచగా మూడు సార్లు. గాలిలో తేమ ఎక్కువున్న రోజు వేయకండి, పొగమంచు పట్టినట్టు తెల్లగా మసకబారుతుంది. ఇంకోటి, ప్రైమర్, రంగు, పైన క్లియర్ కోటు అన్నీ ఒకే రకం పెయింట్ అయ్యుండాలి, ఎనామెల్ మీద లాకర్ పడితే ముడతలు పడిపోతుంది, ఎన్ని రోజుల పని పోతుందో చెప్పలేను. లాంచ్ లగ్ (రాకెట్ పక్కన ఉండే, రాడ్ దూరే చిన్న గొట్టం) లోపలికి పెయింట్ పోకుండా చిన్న కాగితం చుట్టి పెట్టడం మర్చిపోవద్దు, లేకపోతే రాడ్ మీద బిగుసుకుంటుంది.

నలుపు గళ్ళ అంచు కత్తితో కోసినట్టు రావాలంటే ఒక చిట్కా ఉంది. మాస్కింగ్ టేప్ వేసి అంచుని గోరుతో బాగా నొక్కాక నలుపు వేయకండి, ముందు ఆ అంచు మీద మళ్ళీ తెలుపే పలుచగా కొట్టండి. టేప్ కిందికి ఏదైనా కారాల్సి ఉంటే ఆ తెలుపే కారి సందులన్నీ మూసేస్తుంది, తెలుపు మీద తెలుపు కాబట్టి కనిపించదు. అది ఆరాక నలుపు వేసి, పూర్తిగా గట్టిపడక ముందే టేప్‌ని వెనక్కి మడిచినట్టుగా మెల్లగా లాగండి. టేప్ వేసే ముందు కింది తెలుపు నిజంగా ఆరిందా లేదా అన్నది చేత్తో కాదు ముక్కుతో చూడాలి, దగ్గర పెట్టి వాసన చూస్తే పెయింట్ వాసన ఇంకా వస్తుందంటే ఆరలేదన్నమాట, ఇంకో రోజు ఆగండి. అన్నట్టు ఈ నలుపు తెలుపు గళ్ళు అసలు రాకెట్ల మీద అందం కోసం వేసినవి కావు, దూరం నుంచి కెమెరాలో చూసినప్పుడు రాకెట్ తన చుట్టూ ఎంత తిరుగుతోందో తెలియడానికి. మన మోడల్ వీడియోలో కూడా అదే పనికొస్తాయి, ఫిన్ వంకర ఉందా లేదా అని గళ్ళు చూసి చెప్పొచ్చు.

డీకాల్స్, అంటే అక్షరాలూ గుర్తులూ ఉన్న పలుచని స్టిక్కర్లు, నీళ్ళలో నాని జారే రకం అయితే మెరిసే పెయింట్ మీదే బాగా కూర్చుంటాయి. అతికించే చోట సబ్బు చుక్క కలిపిన నీళ్ళు పూస్తే డీకాల్‌ని సరైన చోటికి జరపడానికి టైమ్ దొరుకుతుంది. నిలువుగా వచ్చే పెద్ద అక్షరాలకి పెన్సిల్‌తో సన్నని గీత ముందే పెట్టుకోండి.

పెయింట్ ఆరాక మళ్ళీ తూచండి. నా రెడ్‌స్టోన్‌కి ప్రైమర్, రంగులు కలిపి 9 గ్రాములు పెరిగింది. కొత్త మోటార్ బరువు 24 గ్రాముల చుట్టూ ఉంటుంది, అది కూడా తోకలోనే. అందుకే బ్యాలెన్స్ ఎప్పుడూ కొత్త మోటార్, వాడింగ్ (పారాచూట్ కాలకుండా కింద వేసే కాగితం), పారాచూట్ అన్నీ పెట్టాకే చూడాలి. రాకెట్‌ని స్కేలు అంచు మీద అడ్డంగా పెట్టి ఎక్కడ నిలబడుతుందో అక్కడ గుర్తు పెట్టండి, అది సీజీ, బరువు కేంద్రం. గాలి ఒత్తిడంతా కలిసి పనిచేసే చోటుని సీపీ అంటారు. సీజీ సీపీకి కనీసం ఒక ట్యూబ్ వ్యాసమంత ముందుండాలి, అంటే మన 42 మిల్లీమీటర్ల ట్యూబ్‌కి 42 మిల్లీమీటర్లు. సీపీ లెక్కకి 1960ల్లో జేమ్స్ బారోమన్ ఇచ్చిన సూత్రాలున్నాయి, ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో కొలతలు కొడితే అదే చెప్తుంది. కంప్యూటర్ లేకపోతే రాకెట్‌ని పక్క నుంచి చూస్తే కనిపించే ఆకారాన్ని అట్టలో కోసి ఆ అట్ట ఎక్కడ బ్యాలెన్స్ అవుతుందో చూడండి, అసలు సీపీ సాధారణంగా దానికన్నా వెనకే ఉంటుంది కాబట్టి సీజీ ఆ అట్ట గుర్తుకి ముందుంటే భయం లేదు.

సరిపోకపోతే ముక్కులో బరువు వేయాలి. ఒక లెక్క చూడండి. రాకెట్ మోటార్‌తో సహా 95 గ్రాములు, సీజీ ముక్కు నుంచి 38 సెంటీమీటర్ల దగ్గర ఉంది అనుకుందాం. ముక్కు నుంచి 7 సెంటీమీటర్ల దగ్గర 14 గ్రాముల మోడలింగ్ క్లే పెడితే, 95ని 38తో గుణిస్తే 3610, 14ని 7తో గుణిస్తే 98, రెండూ కలిపి మొత్తం బరువు 109తో భాగిస్తే 34. అంటే 14 గ్రాములతో సీజీ 4 సెంటీమీటర్లు ముందుకొచ్చింది, దాదాపు ఒక వ్యాసమంత. అదే తోక దగ్గర అక్కర్లేని జిగురు 5 గ్రాములు తగ్గించి ఉంటే ముక్కులో ఇంత పెట్టాల్సిన పనే ఉండేది కాదు. క్లే ఎగిరేటప్పుడు ఊడిరాకుండా దాని మీద జిగురు పోయండి.

చివరి పరీక్ష తాడుతో. సీజీ దగ్గర రెండు మూడు మీటర్ల తాడు కట్టి టేప్ వేసి ఖాళీ స్థలంలో తల మీదుగా గుండ్రంగా తిప్పండి. ముక్కు ముందుకి పెట్టి తిరిగితే బాగున్నట్టు. తోక ముందుకొచ్చినా, గిరికీలు కొట్టినా ఎగరేయొద్దు. ఈ పరీక్ష కాస్త కఠినమైనదే, సాఫ్ట్‌వేర్ బాగుందన్న రాకెట్ కూడా ఒక్కోసారి ఇందులో తప్పుతుంది, కానీ ఇందులో నెగ్గింది మాత్రం ధైర్యంగా ఎగరేయొచ్చు.

మోటార్ మీద సీ6-3 అని రాసుంటే చదవడం ఇలా. అక్షరం మొత్తం శక్తి, సీ అంటే 5 నుంచి 10 న్యూటన్ సెకన్ల మధ్య, ప్రతి తర్వాతి అక్షరానికీ రెట్టింపవుతుంది. మధ్య అంకె సరాసరి తోపు, ఇక్కడ 6 న్యూటన్లు. చివరిది మోటార్ ఆరిపోయాక పారాచూట్ తోసే మందు పేలేదాకా ఎన్ని సెకన్లు ఆగుతుందో చెప్తుంది. బరువైన స్కేల్ మోడల్‌కి 3 చాలు, అది త్వరగా వేగం తగ్గి తిరగబడుతుంది, 5 పెడితే కిందికి దూసుకొస్తున్నప్పుడు పారాచూట్ తెరుచుకుని చిరిగిపోవచ్చు. సున్నా ఉన్నది రెండు దశల రాకెట్‌లో కింది దశకి చేసింది, మనకి పనికిరాదు. తోపు రాకెట్ బరువుకి కనీసం ఐదు రెట్లుండాలి. మన 109 గ్రాముల రాకెట్ బరువు 1.07 న్యూటన్లు, ఐదు రెట్లంటే 5.35, సీ6కి సరిపోతుంది కానీ మిగులు పెద్దగా లేదు. మోటార్‌తో వచ్చే కాగితంలో గరిష్ఠ బరువు రాసుంటుంది, దాన్ని దాటితే 24 మిల్లీమీటర్ల మౌంట్ పెట్టి డీ12కి వెళ్ళాలి. అసలు రెడ్‌స్టోన్ సుమారు 30 టన్నుల బరువు మీద 35 టన్నుల తోపుతో లేచింది, అందుకే మెల్లగా కదిలింది. మనది రాడ్ మీద నుంచి బాణంలా పోతుంది, అలాగే పోవాలి, వేగం లేకపోతే ఫిన్స్‌కి గాలి దొరకదు.

మోటార్ ఎప్పుడూ ఫ్యాక్టరీలో చేసిందే కొనాలి, ఇంట్లో మందు కలపడం గురించి ఆలోచించనే వద్దు. ఈ అభిరుచి పెరిగిందే ఆ ప్రమాదాల నుంచి తప్పించుకోవడానికి. 1950ల్లో పిల్లలు లోహపు గొట్టాల్లో మందు కూరి చేతులు పోగొట్టుకునేవాళ్ళు. అమెరికాలో చెప్పుల షాపు నడిపే ఓర్విల్ కార్లైల్ 1954లో సోదరుడు రాబర్ట్‌తో కలిసి కాగితం, బాల్సాతో రాకెట్, వాడి పారేసే రెడీమేడ్ మోటార్ తయారుచేశాడు. ఇవాళ మనం కట్టే ప్రతి కిట్ దాని నుంచి వచ్చిందే. మోటార్లు కొనడానికీ ఎగరేయడానికీ మీరున్న చోట ఏ అనుమతులు కావాలో ముందే కనుక్కోండి, పిల్లలుంటే పక్కన పెద్దవాళ్ళు ఉండాల్సిందే.

పారాచూట్ ఈ బరువుకి 45 సెంటీమీటర్లది చాలు, సెకనుకి సుమారు 4 మీటర్ల వేగంతో దిగుతుంది. దాన్ని ముందురోజు మడిచి పెట్టేయకండి, ప్లాస్టిక్ ఆ మడతలకే అలవాటుపడి తెరుచుకోదు. నాకు ఒకసారి అలాగే ముద్దగా బయటికొచ్చి ముద్దగానే కిందికొచ్చింది. మైదానంలోనే మడవండి, మధ్యలో టాల్కమ్ పౌడర్ చల్లండి. దాని కింద మంటకి కాలని వాడింగ్ మూడు నాలుగు షీట్లు నలిపి వదులుగా వేయాలి, గట్టిగా కూరితే బయటికి రాదు. ముక్కు మరీ బిగుతుగా ఉండకూడదు, రాకెట్‌ని ముక్కు పట్టుకుని ఎత్తితే ఊడకూడదు, కాస్త లాగితే రావాలి. షాక్ కార్డ్, అంటే ముక్కునీ ట్యూబ్‌నీ కలిపి ఉంచే తాడు, పొడవుగా ఉంటే మంచిది, రాకెట్ పొడవుకి రెండింతలైనా, లేకపోతే ముక్కు వెనక్కొచ్చి ట్యూబ్ అంచునే కొడుతుంది, మీ టవర్ అక్కడే విరుగుతుంది.

మైదానం చెట్లూ కరెంటు తీగలూ లేకుండా ఉండాలి. అమెరికా నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ భద్రతా నియమాల ప్రకారం సీ మోటార్‌కి ఒక పక్క కనీసం 122 మీటర్లు, డీకి 152 మీటర్లు. గాలి గంటకి 32 కిలోమీటర్లు దాటితే ఎగరేయకూడదు, స్కేల్ మోడల్‌ని నేనైతే అందులో సగం గాలికే ఇంటికి తెచ్చేస్తాను. రాడ్ కింద లోహపు పలక, చుట్టూ ఎండుగడ్డి లేకుండా శుభ్రం చేయాలి, బకెట్‌తో నీళ్ళు పక్కన పెట్టుకోవాలి. రాడ్ చివర కంటి ఎత్తులో ఉండకుండా చూసుకోండి, వంగినప్పుడు గుచ్చుకోకుండా పైన మూత పెట్టండి.

ఇగ్నైటర్, అంటే కరెంటుతో మోటార్‌ని వెలిగించే సన్నని తీగ, మోటార్ లోపల మందుకి తగిలేదాకా వెళ్ళాలి, వెలగని మోటార్లలో ఎక్కువ భాగం అది తగలకపోవడం వల్లే. ప్లగ్‌తో నొక్కి, క్లిప్పులు సాండ్ పేపర్‌తో రుద్ది పెట్టండి, రెండు క్లిప్పులూ ఒకదానికొకటి గానీ కింది పలకకి గానీ తగలకూడదు. ఈ పనంతా చేస్తున్నంతసేపూ కంట్రోలర్ (దూరం నుంచి మోటార్ వెలిగించే మీట ఉన్న పెట్టె) తాళంచెవి మీ జేబులోనే ఉండాలి. అందరూ 5 మీటర్లు వెనక్కి వచ్చాక, డీ కన్నా పెద్దదైతే 9 మీటర్లు, ఆకాశం ఒకసారి చూసి, గట్టిగా ఐదు నుంచి లెక్కపెట్టి నొక్కండి. ఏమీ జరగకపోతే తాళంచెవి తీసేసి 60 సెకన్లు కదలకండి, ఆ తర్వాతే దగ్గరికెళ్ళండి.

పైకి వెళ్ళేటప్పుడు ఒకరు రాకెట్‌నే చూడాలి, ఫోన్‌లో వీడియో తీసేవాళ్ళు వేరే ఉండాలి, ఇద్దరి పనీ ఒకరు చేస్తే రెండూ పోతాయి. పారాచూట్ గాలికి పోతుంటే పడిన వైపు దూరంగా ఏదో ఒక గుర్తు చూసి పెట్టుకుని అటే నేరుగా నడవండి. తీగల మీదో ఎత్తైన చెట్టు మీదో పడితే వదిలేయండి, ఎన్ని నెలలు కట్టినా సరే.

దొరికాక కాలిన మోటార్ చల్లబడనిచ్చి అక్కడే తీసేయండి, లోపల మసి రింగుకి అంటుకుంటే తర్వాత రాదు. షాక్ కార్డ్ ఎక్కడైనా కాలిందా, ఫిన్ మొదట్లో వెంట్రుకంత పగులు వచ్చిందా, టవర్‌లో ఏ పుల్ల వదులైందో వేలితో మెల్లగా తట్టి చూసుకుని, నోట్‌బుక్‌లో ఆ రోజు బరువు, సీజీ, మోటార్, గాలి, పారాచూట్ పైకెళ్తుండగా తెరుచుకుందా దిగుతుండగానా అన్నది రాసుకుంటే, తర్వాతిసారి చివరి అంకె 3 ఉన్న మోటార్ పెట్టాలో 5 ఉన్నది పెట్టాలో ఆ పేజీయే చెప్తుంది.